నైట్రో ట్రక్కుకి కాపడం: లంబసింగి చలిలో, తడిలో నేర్చుకున్నవి



సంక్రాంతి సెలవుల్లో మా ఊరి పొలాల్లో చిన్న ట్రక్కు నడిపిన వీడియో చూసి చాలామంది అడిగారు. "బ్రో అది కరెంటుదా, పెట్రోల్‌దా?", "చలికి స్టార్ట్ అవుద్దా?", "వానలో పాడవదా?" అని. ఒకరు మాత్రం "డబ్బున్నోళ్ళ ఆట మనకెందుకు" అన్నారు. ఆ మాటకి కూడా కలిపి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ముందు ఈ బండి గురించి. 1/10 సైజు మాన్‌స్టర్ ట్రక్కు. ఇంజన్ .18 రకం, అంటే సుమారు 3 సీసీ. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. కాలేజీలో సీనియర్ ఒకాయన చదువైపోయి వెళ్తూ అమ్మేస్తుంటే ముగ్గురం డబ్బులు వేసుకుని సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. విశాఖలో బీచ్ వైపు ఖాళీ స్థలంలో నడిపితే బాగానే ఉండేది. దాన్ని కొండ మీదకి తెచ్చాకే అసలు చదువు మొదలైంది.

ఇది పెట్రోల్ బండి కాదు, స్పార్క్ ప్లగ్ కూడా ఉండదు. ఫ్యూయల్‌లో మూడు సరుకులుంటాయి: మిథనాల్, నైట్రోమీథేన్, నూనె. ఆ నూనెలో ఒక భాగం చాలా బ్రాండ్లలో మన ఆముదమే. ఎంత వేడెక్కినా లోపలి ఇనుముని పట్టుకుని వదలదని ఆముదం కలుపుతారు. ట్రక్కు పొగ వాసనకి మా నాయనమ్మ "ఎవుర్రా ఆవుదం మాడుస్తన్నారు" అని బయటికొచ్చింది. సరిగ్గానే పట్టుకుంది.

స్పార్క్ బదులు గ్లో ప్లగ్ ఉంటుంది. లోపల ప్లాటినం కలిసిన సన్నటి తీగ చుట్ట. స్టార్ట్ చేసేటప్పుడు చిన్న బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తాం. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేసినా తీగ ఎర్రగానే ఉంటుంది. మిథనాల్ ఆవిరి ప్లాటినానికి తగిలి జరిగే రసాయన చర్య, లోపలి మంట వేడి, రెండూ కలిసి దాన్ని ఆరిపోకుండా నిలబెడతాయి. అంటే ఈ ఇంజన్ ప్రాణం మొత్తం వేడిలో ఉంది. వేడి పోతే ప్లగ్ చల్లారుతుంది, ప్లగ్ చల్లారితే బండి ఆగిపోతుంది. చలిలో, తడిలో చేసే ప్రతి పనీ ఈ ఒక్క వేడిని కాపాడడానికే.

ఇప్పుడు లంబసింగి. చింతపల్లి మండలం, సముద్ర మట్టం నుంచి దగ్గర దగ్గర వెయ్యి మీటర్ల ఎత్తు. దీన్నే కొర్రబయలు అని కూడా అంటారు. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు వచ్చిందంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 5 డిగ్రీలు మనకి మామూలే. టూరిస్టులు నెగళ్ళ చుట్టూ ఫొటోలు దిగుతుంటే మనవాళ్ళు అదే చలిలో పనికి పోతారు. అలాంటి పొద్దున బండి తాడు లాగితే ఏమవుతుంది?

మొదటి చిక్కు ఫ్యూయల్‌ది. మిథనాల్ ఫ్లాష్ పాయింట్ సుమారు 11 డిగ్రీలు. అంతకంటే చల్లగా ఉంటే మంట అందుకునేంత ఆవిరి దాన్నుంచి లేవదు. 5 డిగ్రీల్లో ఎన్నిసార్లు లాగినా లోపలికి వెళ్ళేది ఎక్కువగా తడే. ఇంకా ఇంకా లాగితే ఆ తడే ఇంజన్లో నిండిపోయి తాడు బిగుసుకుపోతుంది.

రెండోది బ్యాటరీ. చలికి బ్యాటరీ నీరసపడుతుంది. ప్లగ్ ఎర్రగా కాకుండా మసకగా కాలుతుంది. దీనికి మందు సులువే. ప్లగ్ బ్యాటరీని రాత్రి దుప్పట్లో పెట్టుకుని పడుకోండి, పొద్దున చొక్కా జేబులో పెట్టుకుని బయటికి రండి. ప్లగ్గుల్లో హాట్, కోల్డ్ అని రకాలున్నాయి. చలికాలంలో హాట్ రకం ప్లగ్ వేడిని బాగా నిలుపుకుంటుంది.

మూడోది అన్నిటికంటే ఖరీదైన చిక్కు. ఈ ఇంజన్లో పిస్టన్ అల్యూమినియం, దాని చుట్టూ ఉండే స్లీవ్ ఇత్తడి, లోపల క్రోమ్ పూత. పిస్టన్‌కి రింగులు ఉండవు. స్లీవ్ పైకి వెళ్ళేకొద్దీ వెంట్రుకవాసి ఇరుకుగా ఉంటుంది. ఇంజన్ వేడెక్కితే ఇత్తడి ఎక్కువ సాగి సరిగ్గా సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి చేరగానే పట్టేస్తుంది. అప్పుడు బలం ఉంది కదా అని తాడు లాగితే పిస్టన్‌ని పట్టుకునే చిన్న కనెక్టింగ్ రాడ్ మీద భారమంతా పడుతుంది. తాడు తెగితే అదృష్టం. రాడ్ పోతే ఇంజన్ పోయినట్టే.

వీడియోల్లో విదేశాల వాళ్ళు హెయిర్ డ్రయ్యర్‌తో ఇంజన్ వేడి చేస్తారు. మన ఊళ్ళో హెయిర్ డ్రయ్యర్ ఎక్కడిది? ఉన్నా పొలం గట్టు మీద ప్లగ్గు ఎక్కడిది? మేం చేసింది కాపడం. ఇంట్లో నడుం నొప్పికి, దెబ్బకి పెట్టే కాపడమే. తవుడు పెనం మీద వేడి చేసి, బట్టలో మూట కట్టి, ఇంజన్ తల మీద, పక్కల అయిదారు నిమిషాలు అదిమి పట్టడం. తవుడు లేకపోతే ఉప్పు. మూట చల్లారితే ఇంకో మూట. చేత్తో ముట్టుకుంటే ఇంజన్ గోరువెచ్చగా తగలాలి. ఆ తర్వాత ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి చూస్తే ఇందాక పట్టేసింది ఇప్పుడు మెత్తగా తిరుగుతుంది.

ఒక్క నియమం: కాపడం పెట్టేటప్పుడు ట్యాంకులో చుక్క ఫ్యూయల్ ఉండకూడదు, ఫ్యూయల్ సీసా దగ్గర్లో ఉండకూడదు. మూట ఇంట్లో వేడి చేసి బయటికి తేవాలి. బండిని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళకూడదు. సీసాని కూడా కాస్త వెచ్చబెట్టాలి, అది మాత్రం గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో, బయట, నిప్పుకి దూరంగా.

స్టార్ట్ అయిన వెంటనే పరిగెత్తించొద్దు. ప్లగ్ బ్యాటరీ ఇంకో నిమిషం ఉంచండి. ఐడిల్ కొంచెం పెంచి, బండిని నిలబెట్టి ఇంజన్‌ని వేడెక్కనివ్వండి. ఈ చలికి ప్లాస్టిక్ కూడా పెళుసవుతుంది. పొద్దున్నే గట్టు మీంచి దూకిస్తే చక్రాల చేతులు పుటుక్కున విరుగుతాయి. నైలాన్ చేతులైతే విప్పి కాసేపు నీళ్ళలో ఉడకబెడితే నీరు పీల్చుకుని పెళుసుతనం తగ్గుతుంది, సులువుగా విరగవు. మా అమ్మ దుంపలు ఉడకబెట్టే తపేలా ఇవ్వలేదు, వేరే డబ్బా వెతుక్కున్నాం. ఎగురుళ్ళు మాత్రం ఎండొచ్చాకే.

ఇక ట్యూనింగ్. ఇది రాయాలనే ఈ పోస్టు మొదలుపెట్టాను.

కార్బురేటర్ మీద నీడిల్ అనే స్క్రూ ఉంటుంది. బయటికి తిప్పితే ఫ్యూయల్ ఎక్కువ వస్తుంది, దాన్ని రిచ్ అంటారు. లోపలికి తిప్పితే తగ్గుతుంది, అది లీన్. రిచ్ అయితే పొగ ఎక్కువ, పరుగు మందం. లీన్ అయితే పరుగు బాగుంటుంది కానీ నూనె కూడా ఫ్యూయల్‌తోనే వస్తుంది కాబట్టి ఇంజన్ ఎండిపోయి కాలిపోతుంది. మా ఊళ్ళో కొండకమ్మరి తాత ఒకాయన పక్కన కూచుని అంతా చూసి, "ఇది తిత్తి లాంటిదే కదరా. గాలెక్కువైతే ఇనుం మాడిపోద్ది, తక్కువైతే పొగే మిగుల్తాది" అన్నాడు. నేను పది నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు.

పుస్తకాల్లో ఒక సూత్రం ఉంటుంది: చల్లగాలి చిక్కగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఎక్కువ, కాబట్టి చలిలో నీడిల్ రిచ్ చెయ్యి. ఇంకో పేజీలో ఇంకో సూత్రం: ఎత్తు ప్రాంతంలో గాలి పలచన, కాబట్టి లీన్ చెయ్యి. మరి మనది చలీ, ఎత్తూ రెండూ ఉన్న చోటు. ఏ పేజీ నమ్మాలి?

ఈ ప్రశ్న అడిగింది నేను కాదు. మా పిన్ని కూతురు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. అప్పటికి తనకి చదువు మీద మనసు విరిగిపోయి ఉంది. కాలేజీలో ఒక లెక్చరర్ క్లాసు మొత్తం ముందు "మీ ఏజెన్సీ పిల్లలకి ఎంపీసీ భారం, సీఈసీ తీసుకోవాల్సింది" అన్నాడట. ఈ ఏడు పోతే పోయింది, వచ్చే ఏడు గ్రూపు మార్చుకుంటానని ఇంట్లో చెప్పేసింది. మనలో ఈ మాట వినని వాళ్ళెవరో చేతులెత్తండి.

"అన్నయ్యా, ఒకటి పెంచమంటాది, ఒకటి తగ్గించమంటాది. ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అన్నది లెక్క కట్టొచ్చు కదా" అంది. తన కెమిస్ట్రీ పుస్తకంలో వాయు నియమాలున్నాయి. ఒత్తిడి పెరిగితే గాలి సాంద్రత పెరుగుతుంది, ఉష్ణోగ్రత పెరిగితే తగ్గుతుంది. ఉష్ణోగ్రత కెల్విన్‌లో తీసుకోవాలి, అంతే.

లెక్క ఇదీ. విశాఖలో 30 డిగ్రీల మధ్యాహ్నం అంటే 303 కెల్విన్. మన దగ్గర 5 డిగ్రీల పొద్దున అంటే 278. 303ని 278తో భాగిస్తే 1.09. అంటే చలి వల్ల గాలి నూటికి 9 వంతులు చిక్కబడింది. వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గరదాంట్లో సుమారు 0.89 వంతు. రెండూ గుణిస్తే 0.97.

చూశారా? చలి పెట్టింది ఎత్తు తీసేసుకుంది. లంబసింగి తెల్లవారుజాము గాలికీ, విశాఖ మధ్యాహ్నపు గాలికీ నూటికి 3 వంతులే తేడా. పైగా సముద్రం ఒడ్డు గాలిలో తేమ ఎక్కువ, తేమ ఉన్నంత మేర ఆక్సిజన్‌కి చోటు తగ్గుతుంది, కాబట్టి ఆ కాస్త తేడా కూడా ఇంకా తగ్గుతుంది. పుస్తకం మాట విని రిచ్ చేస్తే బండి పొగ కక్కుతూ కదలదు. బీచ్‌లో పెట్టిన నీడిల్ దాదాపు అక్కడే ఉండాలి.

తను అక్కడితో ఆగలేదు. "మరి ఎండొచ్చాక?" అంది. మధ్యాహ్నం 24 డిగ్రీలు అనుకుంటే 297 కెల్విన్. 303ని 297తో భాగిస్తే 1.02. దాన్ని 0.89తో గుణిస్తే 0.91. అంటే పొద్దున 97 ఉన్న గాలి అదే పొలంలో మధ్యాహ్నానికి 91 అయ్యింది. చోటు మారలేదు, గాలి మారిపోయింది. అందుకే పొద్దున చక్కగా నడిచిన బండి పదకొండు గంటలకి బద్ధకిస్తుంది. అప్పుడు నీడిల్ కాస్త లోపలికి తిప్పాలి. ఒక్కసారికి గడియారంలో ఒక గంట ముల్లు దూరం, అంతకి మించి వద్దు. ప్రతిసారీ ఒక చుట్టు నడిపి చూసి మళ్ళీ తిప్పాలి. సాయంత్రం చలి దిగేటప్పుడు మళ్ళీ బయటికి తిప్పడం మర్చిపోతే బండి లీన్‌లో కాలుతుంది.

నీడిల్ ఆ రోజు తనే తిప్పింది. పొగ సన్నటి తెల్ల గీతలా వెనక పడుతూ బండి పరుగెత్తింది. మార్చిలో పరీక్షలు అదే గ్రూపులో రాసింది. లెక్కలు ఇప్పటికీ కష్టంగానే ఉన్నాయంటుంది. కష్టంగా ఉండడం వేరు, మనది కాకపోవడం వేరు. ఆ లెక్చరర్‌కి తెలియనిది అదే.

సరే, మళ్ళీ బండి దగ్గరికి. ట్యూనింగ్ కుదిరినా చలిగాలికి ఇంజన్ తల తొందరగా చల్లారిపోతుంది. తల మీద రెక్కల్లా ఉండే భాగం వేడిని బయటికి పంపడానికే ఉంది. అది చలిలో ఎక్కువ పని చేస్తుంది. టిఫిన్ పొట్లాలకి వాడే అల్యూమినియం రేకుతో ఆ రెక్కల్ని సగం వరకు చుట్టండి. ఎండొచ్చాక తీసెయ్యాలి. వేడి సరిపోయిందో లేదో తెలియడానికి థర్మామీటర్ గన్ ఉంటే తల దగ్గర 100 నుంచి 120 డిగ్రీలు చూపించాలి. లేకపోతే నీటి చుక్క వెయ్యండి. కదలకుండా కూర్చుంటే ఇంజన్ చల్లగా ఉంది. చుయ్‌మని మూడు నాలుగు సెకన్లలో ఆవిరైతే బాగుంది. పడగానే చిట్లి మాయమైతే బండి ఆపండి. చలిలో వేడెక్కించకుండా నడిపినా ఇంజన్‌కి చేటే. స్లీవ్ సాగక పిస్టన్ దాన్ని రాసుకుంటూ అరుగుతుంది.

ఇప్పుడు తడి. మన దగ్గర వాన లేకపోయినా పొద్దున గడ్డి మీద మంచు చాలు, రెండు చుట్లకి బండి తడిసి ముద్దవుతుంది. మొదట కాపాడాల్సింది గాలి పీల్చే ఫిల్టర్. స్పాంజికి నూనె పట్టించి, పైన పాత నైలాన్ సాక్సు ముక్క ఒక్క పొర కట్టండి. చిమ్మే నీళ్ళు ఆగుతాయి, గాలి వెళ్తుంది. కానీ మునిగితే ఏదీ ఆపలేదు. నీరు సిలిండర్‌లోకి వెళ్ళిందంటే, గాలి నలిగినట్టు నీరు నలగదు. పిస్టన్ పైకి రాలేక రాడ్ వంగిపోతుంది. సగం చక్రం దాటి నీళ్ళున్న చోటికి తీసుకెళ్ళొద్దు. నీళ్ళు తాగినట్టు అనుమానం వస్తే తాడు ముట్టుకోకముందే ప్లగ్ విప్పి, బండి తిరగేసి, నీరంతా పోనివ్వండి.

రెండోది రిసీవర్. సంతలో దొరికే బుడగలో దాన్ని దూర్చి, వైర్లు మూతి నుంచి బయటికి తీసి, రబ్బరు బ్యాండు బిగించండి. కొనుక్కునే వాటర్‌ప్రూఫ్ డబ్బా చేసే పని దాదాపు ఇదే. సర్వో మోటార్ల మూత అతుకుల దగ్గర గ్రీజు రాయండి. తడిస్తే బ్రేకు జారుతుంది, బండి ఆగడానికి రెట్టింపు దూరం పడుతుందనుకునే నడపండి.

ప్రమాదాల గురించి మూడు మాటలు. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు.

ఒకటి, మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. అంటుకున్నట్టు తెలిసేలోపే కాలుతుంది. నెగడు దగ్గర, బీడీ కాల్చేవాళ్ళ దగ్గర ట్యాంకు నింపొద్దు. ఆర్టీసీ బస్సులో ఈ సీసా తేవద్దు.

రెండు, మిథనాల్ విషం. కొంచెం తాగినా చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. కల్తీ సారా చావుల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. నీళ్ళ సీసాలోనో, మందు సీసాలోనో ఎప్పుడూ పోయొద్దు. దాని సీసాలోనే ఉంచి, ఇంట్లో పిల్లలకి, పెద్దలకి అందని చోట తాళం వేసి పెట్టండి.

మూడు, చలికి రిసీవర్ బ్యాటరీ పడిపోతే బండి మన మాట వినదు. ఫుల్ స్పీడులో మనుషుల మీదికి పోతుంది. నడిపే ముందు ప్రతిసారీ ఇంజన్ ఆపి ఉండగా రిమోట్ కట్టేసి చూడండి, ఫెయిల్‌సేఫ్ ఉంటే బ్రేకు దానంతట అది పడాలి. పడకపోతే ఆ రోజు నడపొద్దు. రిమోట్ ముందు ఆన్ చేసి చివర్లో ఆఫ్ చెయ్యాలి.

ఆట అయిపోయాక అరగంట పని ఉంటుంది. మిథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది, ఆ తేమతో లోపలి బేరింగులు తుప్పు పడతాయి. ట్యాంకులో మిగిలింది పూర్తిగా కాల్చెయ్యండి. ప్లగ్ విప్పి ఆఫ్టర్ రన్ నూనె నాలుగు చుక్కలు వేసి, ఇంజన్ నాలుగు సార్లు తిప్పి, ప్లగ్ బిగించండి. బురదని బ్రష్‌తో దులిపి, సైకిల్ పంపుతో సందుల్లో నీళ్ళు ఊదేసి, చక్రాల బేరింగులకి నూనె పెట్టండి. ఫ్యూయల్ సీసా మూత గట్టిగా బిగించడం మర్చిపోవద్దు. తేమ తాగిన ఫ్యూయల్ మరుసటి పొద్దున మిమ్మల్ని ఏడిపిస్తుంది.

"మనకెందుకు" అన్న తమ్ముడికి ఇప్పుడు జవాబు. మన కాఫీ తోటల్లో గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, వీపుకి తగిలించుకునే పవర్ స్ప్రేయర్లు చాలావరకు ఇలాంటి చిన్న టూ స్ట్రోక్ ఇంజన్లే. అవి పెట్రోల్‌వి, స్పార్క్ ఉంటుంది, కానీ గాలీ ఫ్యూయలూ లెక్క ఒకటే. పాడైతే నర్సీపట్నం దాకా మోసుకెళ్తాం. అక్కడి మెకానిక్ కింద గాలికి ట్యూన్ చేసి ఇస్తాడు, పైకొచ్చాక అది పొగ కక్కుతుంది. తప్పు మెకానిక్‌ది కాదు, గాలిది. ఆ గాలి మనది. దాని లెక్క మనకి తెలియాలి. తెలిస్తే స్క్రూ డ్రైవర్‌తో పావు గంట పని.

మీ ఊరు ఎంత ఎత్తులో ఉందో, పొద్దున ఎంత చలి ఉంటుందో కింద రాయండి. పాడేరు, అరకు, సీలేరు, మారేడుమిల్లి, ఎక్కడివాళ్ళైనా సరే. లెక్క మా చెల్లి కట్టి పెడతానంది.

జై ఆదివాసీ.